కనిపించని కిరణాలను కొలిచిన సంగీతకారుడు – విలియం హెర్షెల్

ఇంద్రధనుస్సులో ఏడు రంగులుంటాయని మనం చిన్న తరగతుల్లోనే చదువుకుంటాం. ఊదా నుండి ఎరుపు దాకా వేళ్ళు మడిచి లెక్క చెబుతాం. కాని ఎరుపు రంగు పక్కన, కంటికి ఏమీ కనిపించని చోట కూడా సూర్యుడి నుండి వచ్చేది ఒకటి ఉందని 1800 సంవత్సరం దాకా ఎవరికీ తెలియదు. దాన్ని కనిపెట్టినవాడు విశ్వవిద్యాలయంలో చదువుకున్నవాడు కాదు. బతుకుతెరువు కోసం పరాయి దేశం వెళ్ళి, సంగీత కాగితాలకు నకళ్ళు రాసి పొట్ట పోసుకున్న ఒక బ్యాండుమేళం కుర్రవాడు. ఆయనే విలియం హెర్షెల్.

ఆయన కొలిచిన ఆ కిరణాలనే ఈనాడు పరారుణ కిరణాలు అంటున్నాం. మన శరీరంలోని కణాలు ఒకదానికొకటి సందేశాలు ఎలా పంపుకుంటాయో, ఆ సందేశాలను నడిపే ఎంజైములు ఎలా పనిచేస్తాయో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు ఈ కిరణాలను వాడుతున్నారు. నక్షత్రాలను చూసిన మనిషికీ, కణంలోని ఎంజైముకూ సంబంధం ఏమిటని మీకు అనిపించవచ్చు. ఆ సంబంధం తెలియాలంటే ముందు ఆయన జీవితం తెలియాలి.

బాల్యం

హెర్షెల్ 1738 నవంబరు 15న హానోవర్ పట్టణంలో జన్మించాడు. ఇప్పుడది జర్మనీలో ఉంది. ఆ రోజుల్లో హానోవర్ ఒక ప్రత్యేక రాజ్యం. ఇంగ్లండు రాజే దానికీ పాలకుడు. తండ్రి ఐజాక్ సైనిక దళం బ్యాండులో ఓబో అనే సన్నాయి వంటి వాద్యం వాయించేవాడు. తల్లి అన్నాకు చదువు లేదు. ఆ దంపతులకు పదిమంది పిల్లలు. వారిలో నలుగురు చిన్నతనంలోనే చనిపోయారు.

తండ్రి జీతం చాలా తక్కువ. పైగా 1743లో డెట్టింగెన్ యుద్ధం జరిగినప్పుడు తడినేల మీద రాత్రంతా పడి ఉండడం వల్ల ఆయన ఆరోగ్యం శాశ్వతంగా చెడిపోయింది. అయినా పిల్లలందరికీ సంగీతం నేర్పాడు. రాత్రిపూట ఆకాశం నిర్మలంగా ఉంటే బయటికి తీసుకెళ్ళి నక్షత్రాలు చూపించేవాడు. విలియం సైనికుల పిల్లలు చదివే బడిలో చదివాడు. 14 ఏళ్ళు నిండేసరికి చదువు ఆపి తండ్రి పనిచేసే బ్యాండులోనే చేరాడు.

పరాయి దేశంలో

1756లో దళంతో పాటు ఇంగ్లండు వెళ్ళినప్పుడు విలియం కొద్దిగా ఇంగ్లీషు నేర్చుకున్నాడు. మరుసటి సంవత్సరం ఫ్రెంచి సైన్యంతో హాస్టెన్‌బెక్ దగ్గర జరిగిన యుద్ధంలో హానోవర్ ఓడిపోయింది. అప్పుడు తల్లిదండ్రులు ఆయన్ను ఇంగ్లండుకు పంపేశారు. అప్పటికి ఆయన వయస్సు 19 ఏళ్ళు. చేతిలో డబ్బు లేదు. తెలిసిన విద్య సంగీతం ఒక్కటే.

లండనులో సంగీత కాగితాలకు నకళ్ళు రాస్తూ రోజులు గడిపాడు. తర్వాత ఊరూరా తిరిగి సైనికులకు బ్యాండు నేర్పాడు, కచేరీలు చేశాడు. గుర్రం మీద ఊరి నుండి ఊరికి పోతూ కూడా పుస్తకం చదివేవాడు. ఇంగ్లీషుతో పాటు ఇటాలియన్, లాటిన్ భాషలు, గణితం సొంతంగా నేర్చుకున్నాడు. ఆయన 24 సింఫొనీలు స్వరపరిచాడు. 1766లో బాత్ నగరంలోని ఆక్టగన్ చాపెల్ అనే చర్చిలో ఆర్గాన్ వాయించే ఉద్యోగం దొరికింది. అక్కడ సంగీత పాఠాలు కూడా చెప్పి బాగానే సంపాదించాడు. తొమ్మిదేళ్ళ కష్టం తర్వాత ఒకచోట కుదురుకున్నాడు.

చెల్లెలు కెరొలిన్

హెర్షెల్ కథను చెల్లెలు కెరొలిన్ లేకుండా చెప్పడం అన్యాయం. ఆమె ఆయన కంటే 11 ఏళ్ళు చిన్నది. పదేళ్ళ వయస్సులో టైఫస్ జ్వరం రావడంతో ఎత్తు పెరగడం ఆగిపోయింది. పెద్దయ్యాక కూడా ఆమె నాలుగడుగుల పైన కొద్దిగా మాత్రమే ఉండేది. ఈ పిల్లకు పెళ్ళి కాదు, ఇంటి చాకిరీకి ఉంటే చాలు అని తల్లి నిర్ణయించింది. ఇంటిపనికి కావలసినంత మించి చదివించడానికి ఒప్పుకోలేదు. తండ్రి మాత్రం తల్లి చూడనప్పుడు కొంత నేర్పేవాడు.

1772లో విలియం హానోవర్ వెళ్ళి చెల్లెల్ని తనతో తీసుకొచ్చాడు. ఆమె చేసే పనికి బదులుగా ఒక పనిమనిషిని పెట్టుకోవడానికి తల్లికి డబ్బు ఏర్పాటు చేస్తే గాని ఆమెకు విడుదల దొరకలేదు. బాత్‌లో అన్న ఆమెకు ఇంగ్లీషు, లెక్కలు, పాట నేర్పాడు. ఎక్కాలు ఆమెకు సరిగా కంఠతా రాలేదు. ఎక్కాల కాగితం దగ్గర ఉంచుకునే వేలాది లెక్కలు తప్పు లేకుండా చేసింది.

అద్దాలు అరగదీసిన రోజులు

సంగీతంలోని శాస్త్రాన్ని తెలుసుకోవాలని హెర్షెల్ రాబర్ట్ స్మిత్ అనే పండితుడి పుస్తకం చదివాడు. అదే రచయిత కాంతి గురించి రాసిన మరో పుస్తకం కూడా తెప్పించుకున్నాడు. అందులో దూరదర్శిని తయారు చేసే పద్ధతి ఉంది. 1773లో ఒక దూరదర్శిని అద్దెకు తెచ్చి ఆకాశం చూశాడు. అది చాలలేదు. పెద్దది కొనడానికి డబ్బు లేదు. దాంతో తానే తయారు చేసుకోవాలనుకున్నాడు. అద్దాలు చేయడం మానుకున్న ఒకాయన దగ్గర పాత పనిముట్లు కొన్నాడు.

ఆ కాలంలో దూరదర్శిని అద్దం గాజుతో చేసేవారు కాదు. రాగి, తగరం కలిపి పోత పోసి, ఆ బిళ్ళను గంటల తరబడి అరగదీసి, మెరుగుపెట్టాలి. మెరుగు పెట్టేటప్పుడు మధ్యలో చెయ్యి ఆపితే అద్దం పాడవుతుంది. ఒకసారి హెర్షెల్ 16 గంటలు చెయ్యి తీయకుండా పని చేశాడు. కెరొలిన్ పక్కన కూర్చుని ముద్దలు నోట్లో పెట్టేది. విసుగు రాకుండా కథలు చదివి వినిపించేది. ఇల్లంతా కార్ఖానా అయిపోయింది. 1781లో పెద్ద అద్దం కోసం పోత పోస్తుండగా కరిగిన లోహం కొలిమి నుండి కారి నేల మీది రాతిపలకలు పేలిపోయాయి. అందరూ పరుగెత్తి ప్రాణాలు దక్కించుకున్నారు. ఇన్ని కష్టాల మధ్య ఆయన చేసిన అద్దాలు ఆనాటి రాజ వేధశాలలోని అద్దాల కంటే మేలైనవిగా తేలాయి.

కొత్త గ్రహం

1781 మార్చి 13 రాత్రి బాత్‌లోని తన ఇంటి దగ్గర ఏడడుగుల దూరదర్శినితో ఆకాశాన్ని వరుసగా పరిశీలిస్తున్నాడు. మిథున రాశి దగ్గర ఒక నక్షత్రం చుక్కలా కాక చిన్న బిళ్ళలా కనిపించింది. కొద్ది రోజులకు అది చోటు మారింది. తోకచుక్క అనుకున్నాడు. ఇతర దేశాల గణిత శాస్త్రవేత్తలు దాని కక్ష్యను లెక్కగట్టి అది శనిగ్రహానికి అవతల తిరిగే కొత్త గ్రహమని తేల్చారు. అదే యురేనస్. ప్రాచీన కాలం నుండి తెలిసిన గ్రహాలకు అదనంగా ఒక గ్రహాన్ని మానవుడు కనుక్కోవడం అదే మొదటిసారి. సౌరకుటుంబం హద్దు ఒక్కసారిగా రెండింతలయింది.

ఆ సంవత్సరమే రాయల్ సొసైటీ ఆయనకు కోప్లీ పతకం ఇచ్చి సభ్యుడిగా చేర్చుకుంది. 1782లో మూడో జార్జి రాజు ఏడాదికి 200 పౌండ్ల జీతంతో ఆయన్ను తన ఖగోళ శాస్త్రవేత్తగా నియమించాడు. సంగీతంలో వచ్చే సంపాదన కంటే అది తక్కువే. అయినా 43 ఏళ్ళ వయస్సులో సంగీతం వృత్తిగా వదిలి ఆకాశాన్ని ఎంచుకున్నాడు. లోటు తీర్చుకోవడానికి దూరదర్శినులు చేసి అమ్మేవాడు. చివరికి స్లౌ అనే ఊరిలో స్థిరపడ్డాడు. అక్కడే 1789లో 40 అడుగుల పొడవైన దూరదర్శిని పూర్తి చేశాడు.

కెరొలిన్ రాత్రంతా చలిలో అన్న చెప్పే కొలతలు రాసుకునేది. పగలు వాటిని శుద్ధప్రతిగా రాసి లెక్కలు కట్టేది. 1783 డిసెంబరు 31 రాత్రి మంచులో పరుగెత్తుతూ ఇనుప కొక్కెం మీద పడి ఆమె కాలికి పెద్ద గాయమయింది. అయినా పని మానలేదు. ఆమె స్వయంగా ఎనిమిది తోకచుక్కలను కనిపెట్టింది. 1787 నుండి రాజు ఆమెకు ఏడాదికి 50 పౌండ్లు జీతం ఇచ్చాడు. ఇంటి చాకిరీకి తప్ప పనికిరాదనుకున్న ఆడపిల్ల, శాస్త్రపరిశోధనకు ప్రభుత్వ జీతం అందుకుంది.

ఎరుపు పక్కన థర్మామీటరు

ఇక అసలు విషయానికి వద్దాం. హెర్షెల్ సూర్యుడి మీది మచ్చలను పరిశీలించేవాడు. కళ్ళు పోకుండా దూరదర్శినికి రకరకాల రంగుగాజులు అడ్డం పెట్టేవాడు. అప్పుడొక విచిత్రం గమనించాడు. కొన్ని గాజులు వెలుగును బాగా ఆపినా వేడి కంటికి తగులుతోంది. మరికొన్నింటిలో వెలుగు ఎక్కువగా వస్తున్నా వేడి అంతగా లేదు. అయితే వేడి అన్ని రంగుల్లోనూ సమానంగా లేదేమో అనే సందేహం కలిగింది.

సందేహం వస్తే ఊరుకునే మనిషి కాదాయన. 1800లో కిటికీ దగ్గర ఒక గాజు పట్టకం అమర్చి ఎండను రంగులుగా విడగొట్టాడు. సన్నని చీలిక గల అట్టముక్కతో ఒక్కో రంగును విడిగా థర్మామీటరు మీద పడేలా చేశాడు. వేడిని బాగా పీల్చుకోవడానికి థర్మామీటరు బుడ్డికి నలుపు పూశాడు. ఇక్కడ ఆయన చేసిన తెలివైన పని ఒకటుంది. ఒక థర్మామీటరును రంగులో ఉంచి, ఇంకో రెండింటిని రంగు పడకుండా పక్కన ఉంచాడు. గదిలోని వేడి మారితే పక్కనున్నవి చెబుతాయి. రంగు వల్ల వచ్చిన తేడా మాత్రమే లెక్కకు వస్తుంది.

ఊదా రంగులో 2 ఫారన్‌హీట్ డిగ్రీలు, ఆకుపచ్చలో మూడుంపావు, ఎరుపులో దాదాపు 7 డిగ్రీలు పెరిగింది. ఎరుపు వైపు పోయేకొద్దీ వేడి పెరుగుతోంది. మరి ఎరుపు దాటితే? అక్కడ వెలుగు లేదు కాబట్టి వేడి ఉండకూడదు. ఆయన అక్కడా థర్మామీటరు పెట్టి చూశాడు. ఎరుపు అంచుకు అర అంగుళం అవతల, చీకటిలో, ఆరున్నర డిగ్రీలు పెరిగింది. ఒకటిన్నర అంగుళం దూరంలో కూడా మూడు డిగ్రీల పైన పెరిగింది. ఊదాకు అవతల మాత్రం వేడి కనిపించలేదు.

ఎరుపు వైపు అంత వేడి కనిపించడానికి కొంత కారణం పట్టకమే. అది ఎరుపు వైపు కిరణాలను దగ్గరగా కుదిస్తుంది, ఊదా వైపు కిరణాలను దూరంగా పరుస్తుంది. కాబట్టి సూర్యుడి వేడి అంతా ఎరుపు అవతలే ఉందని ఈ ప్రయోగం నుండి అనుకోకూడదు. కాని కనిపించని కిరణాలు ఉన్నాయన్నది మాత్రం నిజం. ఈ కిరణాలు అద్దం మీద పడి వెనక్కి మళ్ళుతాయని, కటకంలో వంగుతాయని ఆయన చూపించాడు. సూర్యుడి నుండే కాదు, కొవ్వొత్తి నుండి, పొయ్యి నుండి, కాలిన ఇనుము నుండి కూడా ఇవి వస్తాయని నిరూపించాడు. అదే సంవత్సరం రాయల్ సొసైటీ పత్రికలో ఈ విషయాల మీద నాలుగు వ్యాసాలు ప్రకటించాడు. పరారుణం అన్న పేరు ఆయన పెట్టింది కాదు, ఆ తర్వాత కాలంలో వచ్చింది.

పొరబడిన చోటు

హెర్షెల్ అక్కడితో ఆగలేదు. రంగురంగుల గాజులను, నీటిని, సముద్రపు నీటిని, సారాయిని అడ్డం పెట్టి ఏది ఎంత వెలుగును ఆపుతుందో, ఏది ఎంత వేడిని ఆపుతుందో కొలిచాడు. ఒక్కో పదార్థం వెలుగును ఒక పాళ్ళలో, వేడిని మరో పాళ్ళలో ఆపుతోంది. రెండూ ఒకే రకం కిరణాలైతే ఇలా ఎందుకుండాలి? ఈ ప్రశ్న ఆయన్ను వేధించింది. మొదట్లో రెండూ ఒకటేనని, కొన్ని కంటికి కనబడతాయి, కొన్ని కనబడవు అంతేనని భావించినవాడు చివరికి వెలుగు వేరు, వేడి కిరణాలు వేరు అని తీర్మానించాడు.

ఆ తీర్మానం తప్పు. రెండూ ఒకే జాతి తరంగాలు. తరంగం పొడవులో మాత్రమే తేడా. కాని ఆయన కొలతలు తప్పు కావు. ఏ పదార్థం ఏ కిరణాన్ని ఎంత మింగుతుందన్నది ఆ పదార్థం సొంత గుణం. హెర్షెల్‌ను దారి తప్పించిన ఈ తేడానే తర్వాతి శాస్త్రవేత్తలకు పనిముట్టు అయింది. దాని పేరే పరారుణ వర్ణపటశాస్త్రం.

హెర్షెల్ తర్వాత

పదార్థాలు పరారుణ కిరణాలను ఎందుకు మింగుతాయి? అణువులోని పరమాణువులు స్ప్రింగులతో కలిపిన గుండ్ల మాదిరిగా ఎప్పుడూ ఊగుతూ ఉంటాయి. ఉయ్యాలను దాని ఊపుకు సరిపడే వేళకు తోస్తేనే అది పైకి లేస్తుంది. వేళ తప్పి తోస్తే లేవదు. అలాగే ఏ బంధం ఊపుకు సరిపడే కిరణాన్ని ఆ బంధం మింగుతుంది. మిగతావాటిని వదిలేస్తుంది. కాబట్టి ఏ కిరణాలు మాయమయ్యాయో చూస్తే లోపల ఏ బంధాలున్నాయో తెలుస్తుంది.

అమెరికా శాస్త్రవేత్త విలియం కోబ్లెంట్జ్ నూటికి పైగా పదార్థాల పరారుణ వర్ణపటాలను కొలిచి 1905లో ప్రకటించాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో కృత్రిమ రబ్బరు తయారీలో ఈ పద్ధతి బాగా ఉపయోగపడింది. తర్వాత కంప్యూటర్లు రావడంతో అన్ని కిరణాలను ఒకేసారి కొలిచే యంత్రాలు వచ్చాయి. చిన్నతనం విశాఖపట్నంలో గడిపిన సర్ సి.వి. రామన్ 1928లో కనుగొన్న రామన్ ఫలితం కూడా అణువుల ఊపునే మరో దారిలో తెలియజేస్తుంది. పరారుణ పద్ధతికీ దానికీ అక్కాచెల్లెళ్ళ వరస.

కణంలోని స్విచ్చు

ఇప్పుడు ఎంజైముల సంగతి. మన కణాల్లో రాస్ అనే చిన్న ప్రోటీను ఉంది. పెరగమని బయటి నుండి సందేశం వచ్చినప్పుడు అది స్విచ్చులా పనిచేసి ఆ సందేశాన్ని లోపలికి పంపిస్తుంది. జీటీపీ అనే అణువు దానికి అతుక్కుని ఉన్నంతసేపు స్విచ్చు వేసి ఉన్నట్లు. జీటీపీకి మూడు ఫాస్ఫేటు భాగాలు వరుసగా ఉంటాయి. రాస్ ఎంజైము పని చేసి చివరి ఫాస్ఫేటును నీటి అణువు సాయంతో తెంపేస్తే స్విచ్చు ఆరిపోతుంది. ఒంటరిగా రాస్ ఈ పని చాలా నెమ్మదిగా చేస్తుంది. గ్యాప్ అనే మరో ప్రోటీను వచ్చి చెయ్యి కలిపితే వేగం దాదాపు లక్ష రెట్లు పెరుగుతుంది.

ట్యాంకు నిండినా మోటారు ఆపకపోతే నీళ్ళు పొర్లిపోతాయి. అలాగే రాస్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారినా స్విచ్చు ఆరకుండా ఉండిపోవచ్చు. కణం ఆగకుండా విభజన చెందుతుంది. అదే కాన్సరుకు దారి తీస్తుంది. మనుషుల కాన్సర్లలో సుమారు అయిదింట ఒక వంతులో రాస్ జన్యువుల మార్పు కనిపిస్తుంది. ఇలాంటి మార్పును మనిషి కాన్సరు కణాల్లో 1982లో గుర్తించారు. అందువల్ల చివరి ఫాస్ఫేటు ఎలా తెగుతుందో తెలుసుకోవడం ప్రాణాలతో కూడిన ప్రశ్న.

ఫాస్ఫేటును కొలవడంలో మన తెలుగువాడి పాత్ర కూడా ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో ఫిస్కె అనే శాస్త్రవేత్తతో కలిసి, ద్రవంలో భాస్వరం ఎంత ఉందో నీలిరంగు గాఢతను బట్టి చెప్పే పద్ధతిని 1925లో ప్రకటించాడు. ప్రపంచమంతా ఆ పద్ధతిని వాడింది. అయితే అది పని పూర్తయ్యాక ఎంత ఫాస్ఫేటు ఊడిందో చెబుతుంది. ఊడుతున్న క్షణంలో ఏం జరుగుతోందో చూడాలంటే పరారుణ కిరణాలు కావాలి.

జర్మనీలోని బోఖుమ్ నగరంలో రూర్ విశ్వవిద్యాలయానికి చెందిన క్లాస్ గెర్వెర్ట్ బృందం రాస్ మీద ఇలాంటి ప్రయోగాలు చేసింది. ఇందులో పెద్ద చిక్కు ఒకటుంది. ప్రోటీనులో వేలాది పరమాణువులు ఒకేసారి ఊగుతుంటాయి. వాటి మధ్య ఒక్క ఫాస్ఫేటు ఊపును ఎలా గుర్తుపట్టాలి? దీనికి ఉపాయం తీసివేత. సాయంత్రం హాజరు పట్టీలో నుండి ఉదయం హాజరు తీసేస్తే రోజంతా ఉన్నవాళ్ళు కొట్టుకుపోతారు, కొత్తగా వచ్చినవాళ్ళూ వెళ్ళిపోయినవాళ్ళూ మాత్రమే మిగులుతారు. అలాగే చర్య తర్వాతి వర్ణపటం నుండి ముందటి వర్ణపటాన్ని తీసేస్తే మారిన బంధాలు మాత్రమే కనిపిస్తాయి.

అందరూ ఒకేసారి పరుగు మొదలుపెట్టాలి కదా. అందుకు జీటీపీకి ఒక రసాయన మూత తగిలించి ఉంచుతారు. మూత ఉన్నంతసేపు ఎంజైము దాన్ని తెంపలేదు. లేసరు కాంతి ఒక్కసారి మెరిపించగానే మూత ఊడి చర్య మొదలవుతుంది. నీరు కూడా పరారుణ కిరణాలను బాగా మింగుతుంది కాబట్టి, వెంట్రుక మందంలో సుమారు పదో వంతు ఉండే పల్చని పొరగా ప్రోటీను ద్రవాన్ని పరుస్తారు. మామూలు ఆక్సిజను బదులు బరువైన ఆక్సిజనును ఫాస్ఫేటులో పెడితే దాని ఊపు నెమ్మదిస్తుంది, వర్ణపటంలో దాని గుర్తు పక్కకు జరుగుతుంది. అలా మూడు ఫాస్ఫేటుల్లో ఏది ఏదో తేల్చుకుంటారు.

ఈ పద్ధతితో కొన్ని ముఖ్యమైన సంగతులు తెలిశాయి. రాస్‌కు అతుక్కోగానే జీటీపీలోని విద్యుదావేశం మధ్య ఫాస్ఫేటు వైపు జరుగుతుంది. అంటే తెగకముందే తెగడానికి సిద్ధపడుతుంది. గ్యాప్ ప్రోటీనులోని ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం వేలిలా లోపలికి చొరబడి పని వేగం పెంచుతుంది. తెగిన ఫాస్ఫేటు వెంటనే బయటికి పోకుండా కొంతసేపు ప్రోటీనులోనే ఉంటుంది. రాస్ మార్పుల్లో ఒక రకంపై పనిచేసే మొదటి మందుకు అమెరికాలో 2021లో అనుమతి లభించింది. ఆ మందు ఈ ఒక్క పద్ధతి వల్ల వచ్చింది కాదు. ఎందరో ఎన్నో దారుల్లో దశాబ్దాల పాటు చేసిన పని ఫలితం అది. అందులో ఎంజైము పనిచేసే తీరును అర్థం చేసుకోవడం ఒక భాగం.

ఒక్కసారి వెనక్కి చూడండి. పక్కన రెండు థర్మామీటర్లు పెట్టి తేడా మాత్రమే లెక్కగట్టిన హెర్షెల్ పద్ధతికీ, ముందటి వర్ణపటాన్ని తీసివేసే ఈనాటి పద్ధతికీ మూలం ఒక్కటే. మారనిదాన్ని పక్కన పెట్టి మారినదాన్ని చూడడం.

చివరి రోజులు

హెర్షెల్ 1788లో మేరీ పిట్‌ను వివాహం చేసుకున్నాడు. వారి కుమారుడు జాన్ కూడా గొప్ప శాస్త్రవేత్త అయ్యాడు. విలియం యురేనస్‌కు రెండు, శనికి రెండు ఉపగ్రహాలను కనుగొన్నాడు. సుమారు 2500 నెబ్యులాలు, నక్షత్ర గుచ్ఛాల జాబితాలు తయారు చేశాడు. 1816లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది. సూర్యుడి మీద కూడా జీవులుంటారని ఆయన నమ్మాడు. గొప్పవారి నమ్మకాలన్నీ నిజం కావని, వారి కొలతలే నిలుస్తాయని దీన్ని బట్టి తెలుస్తుంది.

1822 ఆగస్టు 25న స్లౌలో 83 ఏళ్ళ వయస్సులో ఆయన కన్నుమూశాడు. కెరొలిన్ హానోవర్‌కు తిరిగి వెళ్ళి అన్న జాబితాలను క్రమపద్ధతిలో తిరగరాసింది. ఆ పనికి 1828లో ఖగోళ శాస్త్ర సంఘం ఆమెకు బంగారు పతకం ఇచ్చింది. ఆమె 1848లో 97 ఏళ్ళ వయస్సులో మరణించింది. 2009లో యూరప్ దేశాల అంతరిక్ష సంస్థ పరారుణ కిరణాలతో ఆకాశాన్ని చూసే దూరదర్శినిని అంతరిక్షంలోకి పంపి దానికి హెర్షెల్ పేరు పెట్టింది. అది 2013 దాకా పనిచేసింది.

మనం నేర్చుకోవలసింది

విద్యార్థినీ విద్యార్థులారా! హెర్షెల్‌కు పెద్ద చదువు లేదు, ఆస్తి లేదు, సొంత ఊరు కూడా దూరమైంది. లేనిదాన్ని తలచుకుని కూర్చోకుండా చేతిలో ఉన్నదానితో మొదలుపెట్టాడు. కొనలేని అద్దాన్ని చేసుకున్నాడు. వెలుగు లేని చోట వేడి ఉండదని అందరిలా అనుకుని ఊరుకోకుండా అక్కడ కూడా థర్మామీటరు పెట్టి చూశాడు. చదువుకునే అవకాశం తనకు దొరికినప్పుడు చెల్లెలికీ అందించాడు. ఆ చెల్లెలు అన్న పనిని నిలబెట్టింది.

మన ఇళ్ళల్లో కూడా బడి మానిన చెల్లెళ్ళు, అక్కలు ఉన్నారు. సెలవులకు వెళ్ళినప్పుడు మనం నేర్చుకున్న లెక్క ఒకటి, పాఠం ఒకటి వారికి చెబుదాం. ప్రయోగశాలలో థర్మామీటరు పట్టుకున్నప్పుడు పుస్తకంలో రాసిన జవాబును కాక, పాదరసం చూపించే అంకెను రాద్దాం. హెర్షెల్‌ను గుర్తుపెట్టుకోవడానికి ఇంతకంటే మంచి మార్గం లేదు.